జాన్ బాయ్డ్ డన్లప్

మండపేటనుండి కాలువగట్టు దారిని సైకిలుపై పోవువానికి నున్నని రోడ్డు అన్నిచోట్ల దొరకదు. కొంతదూరము కంకర, కొంతదూరము బండిచక్రములు త్రవ్విన గాడి, వానకాలమైనచో బంకమట్టి. అట్టి దారిని బడిపిల్లవాడు పుస్తకముల సంచితోను, రైతు కొబ్బరిగెలలతోను తొందరపడక సాగిపోవుచుండుట కోనసీమ ప్రాంతమున నిత్యము చూచునదే. వారి బరువును మోయుచున్నది రబ్బరు గొట్టములో బంధింపబడిన గాలి. గాలిని నమ్మి చక్రమును నడపవచ్చునని లోకమునకు రుజువు చేసినవాడు జాన్ బాయ్డ్ డన్లప్. ఆయన యంత్రవిద్య చదువలేదు. పశువైద్యుడు.

డన్లప్ 1840 ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశమున డ్రెగ్‌హార్న్ అను గ్రామములో వ్యవసాయదారుల యింట జన్మించెను. ఎడింబరో నగరమున పశువైద్యము నభ్యసించి, పందొమ్మిదవ యేటనే వైద్యునిగా అర్హత పొందెను. 1867లో ఐర్లండునకు పోయి, కొంతకాలమునకు బెల్‌ఫాస్టు నగరమున వైద్యశాల నెలకొల్పెను. గుఱ్ఱములే బండ్లను లాగు దినములగుటచే పశువైద్యునకు చేతినిండ పని యుండెడిది. నలువదియేడేండ్ల వయస్సున ఆయన చేసిన ఒక ప్రయోగము లేకున్నచో ఆయన పేరు ఆ నగరపు ఎల్లలు దాటియుండెడిది కాదు.

ఆ కాలమున బండిచక్రములకు ఇనుపపట్టాయో, గట్టి రబ్బరు పట్టాయో ఉండెడిది. డన్లప్ కుమారుడు జానీ చిన్నవాడు. వానికొక మూడుచక్రముల సైకిలు కలదు. రాళ్లు పరచిన బెల్‌ఫాస్టు వీధులలో ఆ బండి నెక్కినవాని యొడలు కుదుపులకు హూనమగుచుండెను. కుదుపును తగ్గించి, వేగమును కూడ పెంచు ఉపాయమేదైన కలదా యని తండ్రి యోచింపసాగెను.

1887లో ఆయన తన పెరటిలో ఒక పరీక్ష చేసెను. సుమారు మూడడుగుల వ్యాసము గల గుండ్రని కొయ్యపలక నొకదానిని సిద్ధపరచి, పలుచని రబ్బరుతో ఒక గొట్టము తయారుచేసి, దానిని పలక యంచు చుట్టును అమర్చి, పైన నారబట్ట కప్పి చీలలతో బిగించెను. ఫుట్‌బాలునకు గాలికొట్టు పంపుతో ఆ గొట్టమును నింపి మూతి బిగించెను. పిమ్మట కుమారుని బండి చక్రము నొకదానిని, ఈ కొయ్యచక్రమును పెరటిలో దొర్లించి చూచెను. బండిచక్రము కొంతదూరము పోయి ఒరిగిపడెను. గాలిచక్రము మాత్రము పెరడంతయు దాటి, అవతలి గుంజకు తగిలి వెనుకకు ఎగిరెను.

ఇందలి కారణము తెలిసికొనదగినది. గట్టి చక్రము రాతిని తాకినపుడు చక్రమును, దానిపై కూర్చున్న మనిషియు కూడ పైకి లేవవలెను. లేచినప్పుడెల్ల ముందుకు పోవలసిన బలము కొంత వ్యర్థమగును. గాలిగొట్టమన్ననో, రాయి తగిలిన చోట మాత్రమే లోనికి నొక్కుకొని, రాయి దాటగానే తిరిగి పొంగును. మనిషి లేవడు, బలము వృథాకాదు. హాయికొరకు వెదకినవానికి వేగము కూడ దొరకినది.

డన్లప్ తన కుమారుని బండికి గాలిచక్రములు చేసియిచ్చి నడిపించి చూచెను. 1888లో తన పద్ధతికి పేటెంటు హక్కు సంపాదించెను. అయినను లావుగా ఉబ్బిన ఆ టైరులను చూచి నవ్వినవారే యెక్కువ. ఆ నవ్వు 1889 మే 18వ తేదీన ఆగిపోయెను. నాడు బెల్‌ఫాస్టు క్వీన్స్ కళాశాల క్రీడలలో విల్లీ హ్యూమ్ అను పందెగాడు గాలిటైరుల సైకిలుపై పాల్గొని నాలుగు పందెములను గెలిచెను. ఓడినవారిలో డబ్లిన్ వర్తకుడైన హార్వే డుక్రో కుమారులు కూడ ఉండిరి. డుక్రో వ్యాపారదృష్టి గలవాడు. ఆ సంవత్సరమే గాలిటైరులు చేయు కంపెనీ నొకదానిని డబ్లిన్‌లో స్థాపించి, డన్లప్ హక్కును తీసికొనెను.

ఇంతలో పిడుగువంటి వార్త తెలిసెను. రాబర్ట్ విలియం థామ్సన్ అను మరియొక స్కాట్లండు దేశస్థుడు 1845లోనే, అనగా డన్లప్ అయిదేండ్ల బాలుడుగా నున్నపుడే, గాలిచక్రమునకు పేటెంటు పొందియుండెను. ఆయన 1847లో లండను నగరమున గుఱ్ఱపుబండ్లకు అట్టి చక్రములు తొడిగి నడిపి చూపెను కూడ. అప్పటికి సైకిలు లేదు. పలుచని మంచి రబ్బరు దొరకుట కష్టము. అందుచే ఆ చక్రములను కొనువారు లేక, జనులు వానిని మరచిపోయిరి. థామ్సన్ 1873లోనే మరణించెను. డన్లప్ ఆ సంగతి నెరుగక స్వయముగా ఆలోచించినవాడే. అయినను చట్టము మొదటివానినే చూచును గాన, ఆయన పేటెంటు 1890లో నిష్ఫలమయ్యెను. మొదట ఊహించినవాడు థామ్సన్ అనియు, లోకము వాడుకొనునట్లు చేసినవాడు డన్లప్ అనియు చెప్పుటయే న్యాయము.

పేటెంటు పోయినను కంపెనీ నిలిచినదన్నచో, అందుకు ఇతరుల బుద్ధిబలము తోడ్పడినది. తొలినాళ్ల టైరులను బంకతో చక్రమునకు అతికించెడివారు. ముల్లు గ్రుచ్చుకొన్నచో టైరు నూడదీయుటకే చాలసేపు పట్టెడిది. 1890లో వెల్చ్ అను నాతడు అంచులలో తీగ గల టైరును కనిపెట్టెను. ఇప్పుడు సైకిలుషాపులో పనివాడు రెండు మీటలతో క్షణములో టైరు నూడదీసి ట్యూబును బయటికి లాగుట దాని చలవయే. ఆ హక్కును కంపెనీ కొనుక్కొనెను. అటులనే, గాలి లోనికి పోవుటయే గాని వెలికి రాకుండునట్లు, సన్నని రబ్బరుతొడుగు గల వాల్వును వుడ్స్ అను నాతడు కల్పించెను. మన సైకిళ్లలో చిరకాలముగా నున్నదదే. ఆ తొడుగునే షాపులలో వాల్‌ట్యూబు అందురు. విచిత్రమేమన, లోకమున చాలచోట్ల ఆ వాల్వును డన్లప్ వాల్వు అని పిలుచుచున్నారు!

క్రొత్తగా సైకిలు నేర్చువారు ఈ నిర్మాణమును గుర్తుంచుకొన్నచో చాల కష్టములు తప్పును. చక్రమున గాలి తగ్గినచో, రాయి తగిలినపుడు ట్యూబు రాతికిని రిమ్మునకును నడుమ నలిగి, ప్రక్కప్రక్కన రెండుచోట్ల చీలును. రబ్బరునుండి గాలి మెల్లగా జారుచునే యుండును గాన, వాడని సైకిలునకును అప్పుడప్పుడు గాలి కొట్టవలెను. బరువెక్కువగా మోయునది వెనుకచక్రము. దానికి గాలి కొంచె మెక్కువ యుండవలెను. గాలి పోవుచున్నపుడు ట్యూబునే నిందింపక, మొదట వాల్‌ట్యూబు చీకెనేమో చూడవలెను. అది మార్చుటకు పట్టునది కొద్ది నిమిషములే.

వెంట నుంచుకొను ట్యూబును కొనునపుడు టైరుప్రక్కన ముద్రించిన కొలతను చదువవలెను. మన పెద్దసైకిళ్ల టైరుపై సామాన్యముగా 28, 1½ అంగుళములని యుండును. ట్యూబు పెద్దదైనచో లోపల మడత పడి ఒరసికొనును. చిన్నదైనచో సాగి పలుచబడును. వాల్వు రిమ్మురంధ్రమునకు సరిపోవునో లేదో కూడ చూచుకొనవలెను. కొన్న ట్యూబులో కొద్దిగా గాలి నింపి నీటిలో ముంచిచూచి, ఆరిన పిదప పౌడరు చల్లి గుడ్డలో చుట్టి దాచవలెను. నూనెయు ఎండయు రబ్బరునకు శత్రువులు. తొడుగుటకు ముందు టైరు లోపల వ్రేలితో మెల్లగా తడిమి చూడనిచో, పాత ట్యూబును చంపిన తుమ్మముల్లే క్రొత్తదానిని కూడ చంపును.

కంపెనీ నానాటికి పెరుగుచుండగా డన్లప్ 1895లో దానినుండి తప్పుకొనెను. మరుసటి సంవత్సరమే డుక్రో దానిని 30 లక్షల పౌనులకు విక్రయించెను. ఆ సంపదలో డన్లప్‌నకు దక్కినది స్వల్పము. ఆయన డబ్లిన్‌లోనే బట్టల వ్యాపారమున భాగస్వామిగా నుండి నెమ్మదిగా కాలము గడిపి, 1921 అక్టోబరు 23వ తేదీన మరణించెను. గాలిటైరును గూర్చి ఆయన వ్రాసికొన్న జ్ఞాపకములు మరణానంతరము పుస్తకముగా వెలువడినవి. ఆయన పేరు గల కంపెనీ 1936లో బెంగాలునందలి సాహాగంజ్‌లో టైరుల కర్మాగారము తెరచెను. మన దేశమున టైరులు చేసిన మొదటి కర్మాగారమదియే. తరువాత అది మూతపడినది.