రీసెట్ బటన్ లేని కంప్యూటర్.. మళ్లీ మళ్లీ మొదలైన ఇంజినీర్

ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయితే పవర్ బటన్ నొక్కి పట్టుకుంటాం. 1979లో వచ్చిన అటారీ 800 హోం కంప్యూటర్‌లో ఏం చేసేవారో తెలుసా? కీబోర్డు పక్కన ‘సిస్టమ్ రీసెట్’ అని ఒక కీ ఉండేది. పేరు రీసెటే కానీ, అది చేసేది రీసెట్ కాదు. నొక్కితే ప్రాసెసర్‌కు ఒక ఇంటరప్ట్ మాత్రమే వెళ్లేది. అంటే చేస్తున్న పని ఆపమని చెప్పడం అన్నమాట. ప్రాసెసర్ వినే స్థితిలో ఉంటే సరే. కానీ అందులోని 6502 ప్రాసెసర్‌ను పూర్తిగా బిగుసుకుపోయేలా చేసే కోడ్‌లు 12 ఉన్నాయి. ప్రోగ్రామ్ దారి తప్పి వాటిలో ఒక్కటి తగిలినా ఇంటరప్ట్‌ను కూడా పట్టించుకోదు. ఇక పవర్ ఆపి వేయాల్సిందే.

అందుకే పాత కంప్యూటర్లంటే ఇష్టపడేవాళ్లు వీటికి ఒక చిన్న పుష్ బటన్ అదనంగా పెట్టుకుంటారు. ప్రాసెసర్ రీసెట్ లైన్‌ను ఒక్క క్షణం గ్రౌండ్‌కు కలపడమే దాని పని. వదలగానే ప్రాసెసర్ మొదటి అడుగు నుంచి మళ్లీ మొదలవుతుంది. తర్వాత వచ్చిన ఎక్స్‌ఎల్ మోడళ్లలో అటారీయే ఆ కీని నేరుగా రీసెట్ లైన్‌కు కలిపేసింది.

ఈ అటారీ 800 చిప్‌ల వెనకున్న ఇంజినీర్ జే మైనర్. 1932లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ప్రెస్కాట్‌లో పుట్టారు. స్కూలు అయిపోగానే ఇంజినీరింగ్‌లో చేరలేదు. కోస్ట్‌గార్డ్‌లో చేరి అక్కడ ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నారు. ఆ తర్వాతే బర్క్‌లీలో డిగ్రీ. అది చేతికొచ్చేసరికి పాతికేళ్లు దాటాయి. చిప్‌ల డిజైన్‌లో చేయి తిరిగాక సినర్‌టెక్ అనే కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరయ్యారు. అటారీకి వచ్చి 1977 నాటి వీడియో గేమ్ యంత్రం అటారీ 2600కు బొమ్మ, శబ్దం రెండూ ఇచ్చే చిప్ తయారీని నడిపించారు. ఆ యంత్రం మొత్తం ర్యామ్ 128 బైట్లే!

తర్వాత మోటరోలా 68000 ప్రాసెసర్‌తో కొత్త కంప్యూటర్ చేద్దామన్నారు. యాజమాన్యం ఒప్పుకోలేదు. అటారీ వదిలేసి, పేస్‌మేకర్లకు చిప్‌లు చేసే కంపెనీలో చేరారు. చూసేవాళ్లకు వెనకడుగే. కానీ 1982లో ఒక కొత్త స్టార్టప్ పిలిచింది. వదిలేసిన ఆలోచన మళ్లీ బయటికొచ్చింది. ఆ స్టార్టప్పే అమిగా.

డబ్బు కటకట. కంపెనీ నిలబడటానికి ఇంటిని రెండోసారి తాకట్టు పెట్టారు. 1984లో కమొడోర్ కొనేయడంతో గండం గడిచింది. 1985 జులైలో న్యూయార్క్‌లో అమిగా 1000 విడుదలైంది. దాని మూత లోపలి వైపు టీమ్ సంతకాలు అచ్చయ్యాయి. వాటి మధ్యలో ఆయన కుక్క మిచీ పాదముద్ర కూడా ఉంది. ఈ కంప్యూటర్‌కూ విడిగా రీసెట్ బటన్ లేదు. కానీ కంట్రోల్‌తో పాటు రెండు అమిగా కీలు కలిపి నొక్కితే కీబోర్డు క్లాక్ లైన్ కిందికి దిగుతుంది. దాన్ని గమనించి బోర్డు మీది సర్క్యూటే కంప్యూటర్‌ను రీసెట్ చేస్తుంది. ప్రాసెసర్ వింటుందా లేదా అన్న ప్రశ్నే లేదు.

జీవితంలో ఎక్కువ కాలం ఆయన్ని కిడ్నీ జబ్బు వేధించింది. డయాలసిస్ చేయించుకున్నారు, సోదరి ఒక కిడ్నీ ఇచ్చారు. అయినా పని ఆపలేదు. కమొడోర్ నుంచి బయటికొచ్చాక వెంట్రిటెక్స్ అనే కంపెనీలో, శరీరం లోపల అమర్చే డీఫిబ్రిలేటర్ల మీద పనిచేశారు. గుండె లయ తప్పితే ఒక్క షాక్‌తో దారిలో పెట్టే పరికరమది. ఒక రకంగా గుండెకు హార్డ్‌వేర్ రీసెట్. 1994 ఏప్రిల్‌లో కమొడోర్ దివాలా ప్రకటించింది. జూన్ 20న, 62 ఏళ్ల వయసులో జే మైనర్ కన్నుమూశారు.

కంపెనీలు మారాయి, మూతపడ్డాయి. గేమ్ యంత్రం నుంచి గుండె పరికరం దాకా ఆయన వెంట వచ్చింది చిప్ డిజైన్ నైపుణ్యం ఒక్కటే. ఆఫర్ లెటర్ చేజారిన రోజు మనకు మిగిలేదీ నేర్చుకున్నదే. అన్నట్టు, ఎంబెడెడ్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్నారా? ఇంటరప్ట్‌కూ రీసెట్‌కూ తేడా అడిగితే ఈ అటారీ కీ గుర్తు తెచ్చుకోండి. జవాబు అందులోనే ఉంది.