లాది క్వాలి చేతి కుండ

నైజీరియాలోని క్వాలి పల్లెలో 1925 ప్రాంతంలో పుట్టిన లాది, ఇంటి ఆడవాళ్ళ దగ్గరే కుండలు చేయడం నేర్చారు. వాళ్ళకు సారె లేదు. మట్టిని తాళ్ళలా పేని, చుట్లుగా పేర్చి, కుండ చుట్టూ మనిషే తిరగాలి. పైన బల్లులు, తేళ్ళు గీసేవారు.

1950లో అబూజా (నేటి సులేజా) ఎమీర్ గారింట్లో ఆ కుండలు చూసి ముచ్చటపడ్డ ఆంగ్లేయుడు మైకేల్ కార్డ్యూ, అక్కడే కుండల శిక్షణ కేంద్రం నడిపారు. అంతా మగవాళ్ళే. 1954లో చేరిన తొలి స్త్రీ లాది. సారె నేర్చారు గానీ చేతి పద్ధతి వదల్లేదు.

పల్లె మంటలో కాలే కుండకు ఇక్కడ గాజుపూత పెట్టి బట్టీలో కాల్చారు. పూత పెడితే కుండ చెమర్చదు, నీళ్ళు చల్లబడవు! అలా అది వంటిల్లు దాటి లండన్ ప్రదర్శనకెక్కింది. మరి పల్లెకు దక్కిందేమిటన్నది నాకు తెగని సందేహమే.

తర్వాత ఆమె అక్కడే పాఠం చెప్పారు. బడి మొహం చూడని ఆమెకు 1977లో జారియా విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇచ్చింది. 1984లో కన్నుమూశారు. 2007లో వచ్చిన 20 నైరాల నోటు మీద ఆమె బొమ్మ ఉంది.