వంకరపోయిన వేళ్లతో లక్ష ఆపరేషన్లు: డాక్టర్ వెంకటస్వామి జీవితం

రాయ్‌పూర్‌లోనైనా, రాజమండ్రిలోనైనా ఇవాళ ఏ పెద్ద కంటి ఆస్పత్రికి వెళ్లినా ఒక దృశ్యం మామూలుగా కనిపిస్తుంది. శుక్లాలతో చూపు మసకబారిన పెద్దాయన పొద్దున్నే వస్తాడు. పావుగంటో, అరగంటో పట్టే ఆపరేషన్‌లో కంటిలో కొత్త లెన్సు వేస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. యాభై ఏళ్ల కిందట పేదవాడికి ఇది ఊహకందని సంగతి. ఆ దూరాన్ని తగ్గించినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. లోకమంతా ఆయన్ని డాక్టర్ వి అనే పిలిచింది.

1918 అక్టోబర్ 1న తమిళనాడులోని వడమలాపురం అనే చిన్న పల్లెటూళ్లో రైతు కుటుంబంలో పుట్టాడు. కాగితం, పెన్సిలు లేని బడిలో ఇసుకలో అక్షరాలు దిద్దుకున్నాడు. బంధువుల ఆడపిల్లలు ముగ్గురు కాన్పు కష్టాలతో చనిపోవడం చూసి డాక్టర్ కావాలనుకున్నాడు. మదురైలో కాలేజీ చదువు, మద్రాసు స్టాన్లీ కాలేజీలో వైద్య విద్య. 1944లో డిగ్రీ చేతికొచ్చింది, ఆ తర్వాత సైన్యంలో డాక్టర్‌గా చేరాడు. అనుకున్నది మాత్రం కాన్పుల డాక్టర్ కావాలనే.

ఆ కోరిక తీరలేదు. ముప్పై ఏళ్లు నిండేలోపే తీవ్రమైన కీళ్లవాతం పట్టుకుంది. సైన్యం 1948లో ఇంటికి పంపేసింది. చాలాకాలం మంచానికే పరిమితమయ్యాడు. లేచి నడిచేసరికి వేళ్లు శాశ్వతంగా వంకరపోయాయి. ఆ చేతులతో కాన్పులు చేయడం కుదరదు. మరొకరైతే వైద్యమే మానేసేవారు. ఆయన మాత్రం కంటి వైద్యం వైపు మళ్లాడు. మద్రాసు ఎగ్మోర్‌లోని ప్రభుత్వ కంటి ఆస్పత్రిలో శిక్షణ పొందాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా చూపు పోయే పనికి ఆ వేళ్లనే అలవాటు చేసుకున్నాడు. జీవితకాలంలో ఆయన స్వయంగా చేసిన ఆపరేషన్లు లక్ష దాటాయి.

1956లో మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటి విభాగం అధిపతి అయ్యాడు. రోగి ఆస్పత్రికి రాలేకపోతే ఆస్పత్రే ఊరికి వెళ్లాలని పల్లెల్లో కంటి శిబిరాలు పెట్టాడు. ఏ విటమిన్ లోపంతో పసిపిల్లల కళ్లు పోతున్నాయో గుర్తించి, వారికి పోషకాహార కేంద్రం నడిపాడు. 1973లో పద్మశ్రీ వచ్చింది.

1976లో పదవీ విరమణ. పింఛనుతో కూర్చోవాల్సిన వయసులో మదురైలో 11 పడకలతో ఆస్పత్రి తెరిచాడు. తాను నమ్మిన శ్రీ అరవిందుల పేరే దానికి పెట్టాడు. బ్యాంకులు అప్పివ్వలేదు. ఇల్లు తాకట్టు పెట్టారు, ఇంట్లో నగలూ వెళ్లాయి. పెళ్లి చేసుకోని ఆయనకు తోబుట్టువులే కుటుంబం. చెల్లెలు డాక్టర్ నాచియార్, బావమరిది డాక్టర్ నంపెరుమాళ్‌స్వామి ఆయనతో నిలబడ్డారు.

ఆస్పత్రి లెక్క చాలా సూటిగా ఉండేది. ఇవ్వగలిగినవాడు ఫీజు ఇస్తాడు, లేనివాడికి ఉచితం. డాక్టర్లు మాత్రం ఇద్దరికీ ఒకరే. సర్జన్ సమయమే అన్నిటికన్నా ఖరీదైనదని ఆయన గ్రహించాడు. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుంటే పక్క బల్ల మీద మరో రోగిని సిద్ధం చేసి ఉంచేవారు. ఆ సిద్ధం చేసేది పల్లెల నుంచి వచ్చి శిక్షణ పొందిన అమ్మాయిలు. ఎక్కడికెళ్లినా ఒకే నాణ్యత, తక్కువ ధర ఎలా సాధ్యమో ఆయన మెక్‌డొనాల్డ్స్ హోటళ్లను చూసి నేర్చుకున్నాడు.

అయినా ఒక అన్యాయం మిగిలింది. శుక్లం అంటే కంటిలోని సహజ లెన్సు తెల్లబడటం. దాన్ని తీసేశాక కృత్రిమ లెన్సు పెట్టకపోతే సోడా బుడ్డి అద్దాలే గతి. అవి పగిలినా, పోయినా మనిషి మళ్లీ గుడ్డివాడే. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే కంటి లోపల పెట్టే లెన్సు కనిపెట్టినా, విదేశీ లెన్సు ధర వంద డాలర్ల పైమాటే. దాంతో డబ్బున్నవారికి లెన్సు, పేదవారికి మందపాటి అద్దాలు. ఈ తేడా తుడిచేయడానికి 1992లో మదురైలోనే ఆరోల్యాబ్ మొదలైంది. లెన్సు ధర పది డాలర్ల దరిదాపుకు దిగింది. ఉచిత వార్డులోని ముసలమ్మకూ లెన్సు అందింది.

వేగం ఒక్కటే చాలదు. ఛత్తీస్‌గఢ్‌లోనే 2011లో బాలోద్ శిబిరంలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న డజన్ల మంది ఇన్ఫెక్షన్‌తో చూపు కోల్పోయారు. పనిముట్ల శుభ్రత, ఆపరేషన్ తర్వాత చూసుకోవడం గాలికొదిలేస్తే ఉచిత వైద్యం శాపమవుతుంది. శిబిరాన్ని రోగుల్ని గుర్తించడానికి వాడుకుని, ఆపరేషన్ మాత్రం ఆస్పత్రిలోనే చేయడం అరవింద్ పద్ధతి. అందులోని విలువ ఇక్కడే తెలుస్తుంది.

2006 జూలై 7న డాక్టర్ వెంకటస్వామి కన్నుమూశాడు. 11 పడకల ఆస్పత్రి అప్పటికే తేని, తిరునెల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరిలకు విస్తరించింది. దేశంలో అంధత్వానికి ఇప్పటికీ మొదటి కారణం శుక్లాలే. ఆపరేషన్‌తో ఆ చూపు తిరిగొస్తుంది. నీటికాసులు, షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బు అలా కాదు. పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు, ముందే పట్టుకుంటే మిగిలింది కాపాడుకోవచ్చు. నలభై దాటినవారు, షుగర్ ఉన్నవారు ఏటా ఒకసారి కళ్లు చూపించుకోవాలనేది అందుకే. ఆ పరీక్ష ఊరి దాకా రావాలన్నదే ఆయన జీవితమంతా పడిన తపన.