బళ్లారి రాఘవ

ప్రతి సంవత్సరమును పాఠశాల వార్షికోత్సవము సమీపించినప్పుడు కొందరు తల్లిదండ్రులు మా యొద్దకు వచ్చి, తమ బిడ్డకు నాటకములో వేషము వలదని కోరుచుందురు. పరీక్షలు దగ్గరపడుచున్నవనుట వారు పైకి చెప్పు కారణము. ముఖమునకు అర్దళము పూసికొని పదిమంది యెదుట నిలుచుట గౌరవ కుటుంబముల బిడ్డలకు తగదనునది మనసులోని కారణము. వారితో వాదించుట మాకు ఇష్టము లేదు. వాదమునకు బదులుగా ఒక మనుష్యుని జీవితమును ఈ పుటలలో వ్రాయదలచితిమి. ఆయన పట్టభద్రుడు, పేరుగన్న న్యాయవాది, ఆచారమును పాటించు కుటుంబమున పుట్టినవాడు. జీవితమంతయు వేషములు వేసెను. అందువలన ఆయన గౌరవమునకు ఇసుమంతయు లోపము రాలేదు. ఆయన పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. లోకమునకు మాత్రము ఆయన బళ్లారి రాఘవ.

రాఘవ 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన అనంతపురము మండలములోని తాడిపత్రిలో జన్మించెను. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. ఆ 1880వ సంవత్సరమే తెలుగు నాటకమునకును ఒక విధముగా పుట్టిన సంవత్సరమని చెప్పవచ్చును. ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి నాటకములాడి పోగా, కందుకూరి వీరేశలింగము పంతులుగారు వెంటనే తమ శిష్యులను కూర్చుకొని తెలుగున నాటకము నాడించిరి. ఇందులో మా బాలురు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. తెలుగునాట ఆధునిక నాటకమును తొలుత ఆడిన నటులు పేరుమోసిన కళావంతులు కారు, పాఠశాల విద్యార్థులు.

రాఘవ పెరిగిన బళ్లారిపట్టణము అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. 1953లో అది మైసూరు రాష్ట్రమున చేరినది. తెలుగును కన్నడమును ఒకే వీధిలో వినబడు ఊరది. అచ్చట రాఘవ మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు న్యాయవాదిగా నుండి, సరసవినోదిని సభ యను నాటక సమాజమును స్థాపించెను. తానే నాటకము వ్రాయును, తానే నేర్పును, తానే వేషము కట్టును. ఆంధ్ర నాటక పితామహుడను బిరుదు ఆయనకు ఊరక రాలేదు. ఆ పట్టణముననే కోలాచలము శ్రీనివాసరావుగారను మరియొక న్యాయవాది సుమనోరమ సభను నడపుచు, చరిత్ర నాటకములు వ్రాయుచుండెను. ఒక చిన్న పట్టణమున రెండు సభలు, రెండింటికిని న్యాయవాదులే పెద్దలు. రెంటికిని పోటీ యుండెననుట చెప్పనక్కరలేదు. పగలు న్యాయస్థానమున ఎదురెదురుగా నిలిచి వాదించువారు రాత్రి నాటకములతో పోటీపడుచుండిరి కాబోలు. ఊరివారికి మాత్రము దానివలన లాభమే కలిగినది.

ఆనాటి నాటక సమాజములు రెండు విధములు. నాటకమే జీవనముగా గలవి కొన్ని. 1885లో కడప మండలమున మొలకెత్తిన సురభి కుటుంబములవారు అట్టివారు. భార్యాబిడ్డలతో ఊరూరు తిరిగి ఆ విద్యను నిలిపిన వారియెడ మాకు మిక్కిలి గౌరవము. రెండవ విధమువి అమెచ్యూరు సమాజములు. వీనిలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్లు, వర్తకులు పగలు తమ పనులు చూచుకొని రాత్రివేళ ఒకచోట చేరి నాటకము నేర్చుకొందురు. ప్రతిఫలము లేదు, పైపెచ్చు చేతిచమురు వదలును. అయినను విడువజాలరు. ఎందులకని అడిగినచో వారే చెప్పలేరు. ఇట్టి నాటకములయందలి రుచి అనుభవించినవారికే తెలియును. రాజు వేషము వేసినవాడు మరునాడు తాలూకా కచేరిలో దస్త్రములు తిరుగవేయుచు కనబడును. రాణి కట్టిన చీర ఎవరింటిదో ముందు వరుసలోని ఆడవారందరకును తెలియును. చెక్క కత్తికి వెండికాగితము అంటించిన కుఱ్ఱవాడు నాటకమంతయు ఆ కత్తినే చూచుచు కూర్చుండును. నెలదినములు ప్రతిరాత్రి ఒకే గదిలో కూర్చుండి మాటలు వల్లించినవారి మధ్య ఏర్పడు స్నేహము చుట్టరికమువంటిది. రాఘవ పెరిగినది ఈ గాలిలో. పండ్రెండవ యేటనే ఆయన రంగస్థలమెక్కెను.

నాటకములవలన చదువు చెడునని భయపడు తల్లిదండ్రులు తరువాతి సంగతి వినవలెను. ఆ బాలుడు బళ్లారిలో ఉన్నత పాఠశాల చదువు ముగించి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టభద్రుడై, 1905లో న్యాయశాస్త్ర పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. రెండేండ్లు ఒక పెద్ద వకీలు క్రింద పనిచేసి, పిమ్మట బళ్లారిలో స్వయముగా వృత్తి ప్రారంభించెను. కొలదికాలములోనే ధనమును పేరును సమకూరినవి. క్రిమినలు వ్యాజ్యెములలో ప్రభుత్వ పక్షమున వాదించుటకు కూడ ఆయన నియమింపబడెను. ఆ సంపాదన చాలవరకు నాటకములకును, అక్కరలో నున్నవారికిని వ్యయమైనది. షేక్స్పియరు నాటకములాడుటకై బళ్లారిలో ఒక సంఘమును నెలకొల్పి ఇంగ్లీషున నటించెను. బెంగుళూరు అమెచ్యూరు సమాజమువారితోడను నటించెను. ఈ పాటి కీర్తికలవాడు నాటక సమాజమువారిని జీతమడిగినచో కాదనువారు లేరు. ఆయన మాత్రము వృత్తిని విడిచి నటుడు కాలేదు. నటనను విడిచి ఉత్త వకీలును కాలేదు.

ఆయన పేరు నలుదెసల వ్యాపించినది కోలాచలమువారి రామరాజు చరిత్రమువలన. 1565లో విజయనగర సామ్రాజ్యము కూలిన కథ అది. ఆ సామ్రాజ్యపు శిథిలములు గల హంపి బళ్లారికి సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది. ప్రేక్షకులలో పెక్కుమంది ఆ కూలిన గోపురములను, రాతిరథమును కన్నులార చూచినవారే. తమ పెద్దల దుఃఖమును తమ పొరుగువారే తమయెదుట ఆడి చూపుచుండగా వారి హృదయములు ఎట్లుండెనో మనము ఊహించుకొనవచ్చును. ఆ నాటకమున రాఘవ పాత్ర రామరాజు కాదు, పఠాను రుస్తుము. ఆ పాత్రయే ఆయనకు మారుపేరైనది. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, చాణక్యుడు మొదలగు ఇతర పాత్రలును ఆయనకు ఖ్యాతి తెచ్చినవి. మేలైన పాత్రలే కావలెనని మా విద్యార్థులు పట్టుపట్టునప్పుడు మాకు ఈ పట్టిక జ్ఞాపకమునకు వచ్చుచుండును.

ఆయన నటనలోని విశేషమేమి? ఆనాటి నాటకములలో పద్యమే ప్రధానము. నటుడు హార్మోనియమువైపు చెవియొగ్గి, రాగము సాగదీసి, ఒక పద్యమును పావుగంట పాడును. ప్రేక్షకులు వన్సుమోరని కేకలు వేయుదురు. అంతట యుద్ధమున హతుడై పడినవాడును లేచి మరల పాడి మరల మరణించును. రాఘవ దీనిని సహింపలేకపోయెను. దుఃఖించు మనుష్యుడు రాగాలాపన చేయడనియు, నటునకు గాత్రము పాటకొరకు గాక భావముకొరకు కలదనియు ఆయన పట్టుదల. మాటను మాటగా పలికెను. పలుకనిచోట కంటితోడను మౌనముతోడను పని గడుపుకొనెను. నాటకములలో పాటలకు పెద్దపీట వేసినవారిలో ఆయన మేనమామయే మొదటివాడు! గురువును మించి నడచుటకు ఆయన గురువునెడ అగౌరవము చూపవలసిన పనిలేకపోయినది. పద్యనాటకమును ప్రేమించువారు అప్పుడే కాదు, తరువాతను ఈ విషయమున రాఘవను ఒప్పుకొనలేదు. మాకును మంచి పద్యము చక్కగా పాడగా వినుట ఇష్టమే. కాని రాఘవ పక్షమున మేమెరిగిన చిన్న సాక్ష్యమొకటి కలదు. ఒక యేడు మా బాలుర నాటకము నడుమ విద్యుద్దీపములన్నియు ఆరిపోయినవి. తెర దింపుటకు మేము లేచునంతలో, చీకటిలో తండ్రి వేషధారియైన బాలుడు తన మాటను ఆపక చెప్పుచుండెను. కుమారుడు బదులు చెప్పెను. హార్మోనియము లేదు, దీపము లేదు, వేషములు కనబడవు. అన్నివందలమందిలో ఒక్కరును కదలలేదు. దీపములు వెలుగువరకు మాటయొకటే నాటకమును మోసినది.

ఇక రాఘవ చేసిన పనులలో మిక్కిలి సాహసమైనది స్త్రీపాత్రల విషయము. ఆ దినములలో సీతయైనను ద్రౌపదియైనను మీసములు గొరిగికొన్న మగవాడే. వారిలో స్థానము నరసింహారావుగారివంటి మహానటులు లేకపోలేదు. ఆయన వేషమును చూచి స్త్రీలే నడక నేర్చుకొనవలెనని అనుకొనుచుండిరి. అయినను స్త్రీపాత్రను స్త్రీయే ధరింపవలెనని రాఘవ నిశ్చయము. చెప్పుట సులభము. చదువుకొన్న కుటుంబములనుండి ఒక స్త్రీ రంగస్థలమునకు రావలెనన్నచో ఆమెకు కలుగు నింద ఎంతటిదో ఆలోచింపుడు. నటునకు చప్పట్లు, నటికి చెవులు కొరుకుకొనుట, ఇది ఆనాటి లోకరీతి. ఆయన ప్రోత్సాహమువలన కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని, కాకినాడ అన్నపూర్ణ మొదలగువారు ధైర్యము చేసి నటించిరి. రాఘవ పేరు, వయస్సు, న్యాయవాదిగా ఆయనకుగల మర్యాద వారికి గొడుగువలె అడ్డునిలిచినవి. పాకాల వేంకట రాజమన్నారుగారు వ్రాసిన తప్పెవరిది యను సాంఘిక నాటకము ఇట్లు స్త్రీలతో కలిసి ఆడినవానిలో ముఖ్యమైనది. ఆ రాజమన్నారుగారును న్యాయవాదియే. 1948లో మద్రాసు హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. తెలుగు నాటకమునకును నల్లకోటునకును గల చుట్టరికము ఎంత దగ్గరదో చూచితిరా!

సుమారు 1927లో రాఘవ ఇంగ్లండు దేశమునకు పోయి అచ్చటి నాటకశాలలను చూచి, బెర్నార్డు షా వంటి పెద్దలను కలిసికొనెను. దీనబంధు కబీరు అను హిందీ నాటకమున ఆయన నటనను గాంధీ మహాత్ముడు చూచి సంతోషించెనని ప్రసిద్ధి. ఈ గౌరవములను గూర్చి ఇంతకంటె విస్తరింపము. ఇట్టి గౌరవములు పొందిన తరువాతను ఆయన తిరిగి బళ్లారికే వచ్చి తన ఊరి నేస్తులతో నాటకములు నేర్పుచు కూర్చుండెననునది మాకు పెద్దదిగా తోచును.

సినిమాలు మాటలాడ నేర్చిన పిమ్మట వారును ఆయనను పిలిచిరి. 1936లో ద్రౌపదీ మానసంరక్షణములో దుర్యోధనుడుగా, 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డలో రైతుగా, 1940లో చండికలోను నటించెను. ఆ పని ఆయన మనసునకు పట్టలేదు. కారణము ఊహించుట కష్టము కాదు. అచ్చట ఒక మాట పలికినవెంటనే దీపములార్పుదురు. మరియొక మాట మరునాడు పలుకవలెను. ఎదుట ఊపిరి బిగపట్టి చూచు మనుష్యులు లేరు. చీకటిలో కూర్చున్న తన ఊరివారి నిశ్శబ్దమును వినుటకు అలవాటుపడిన చెవికి యంత్రపు చప్పుడు రుచింపదు. అయితే ఆ చిత్రముల పుణ్యమున ఆయన రూపము కొంత నిలిచినది. రుస్తుము మాత్రము చూచినవారితోనే పోయినాడు.

1946వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన తన 65వ యేట రాఘవ మరణించెను. 1981లో భారత ప్రభుత్వము ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వెలువరించినది. బళ్లారిలో ఆయన పేర రాఘవ కళామందిరము కట్టబడినది. ఆ మందిరపు రంగస్థలముమీద తెలుగు నాటకములును కన్నడ నాటకములును ఆడిరి. అందు వేషములు కట్టినవారిలో పగలు కచేరిలో పనిచేసి, సాయంకాలము టిఫిను డబ్బా చేతబట్టుకొనియే అభ్యాసమునకు వచ్చినవారు ఎందరో!

మా పాఠశాలలో రాబోవు వార్షికోత్సవపు నాటకమునకు తండ్రి పాత్రయు, పొరుగింటి అవ్వ పాత్రయు ఇంకను ఖాళీగా నున్నవి. అభ్యాసము సాయంకాలము 5 గంటలకు మొదలై దీపములు పెట్టువేళకు ముగియును. చూడవలెనను తల్లిదండ్రులకు వెనుక బల్లలు వేయించి యుంచెదము.