హావర్త్ గ్రామ పాదిరి

షార్లట్, ఎమిలీ, ఆన్ అను బ్రాంటీ సోదరీమణుల నవలలను చదివిన మనము వారి తండ్రి పాట్రిక్ బ్రాంటీని తలచుకొనుట అరుదు. 1777లో ఐర్లండులోని పేద కుటుంబమున జన్మించి, కేంబ్రిడ్జిలో చదివిన ఈయన 1820లో ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ కొండలలో నున్న హావర్త్ గ్రామమునకు పాదిరిగా వచ్చెను.

ఊరి నడుమ నిటారైన రాతివీధి. పైన చెట్టుచేమ లేని బీళ్లు, ఎడతెగని గాలి. పలు ఇండ్లలో ఉన్ని దువ్వుట జీవనాధారము. దువ్వెనలు కాచుటకు కుంపటి ఆరరాదు గనుక గదులలో ఊపిరాడెడిది కాదు. మురుగు వీధిలోనే పారెడిది. కిక్కిరిసిన శ్మశానము ఊరికి ఎగువన. పాదిరిగారి ఇల్లు దాని అంచుననే.

1821లో భార్య, 1825లో పెద్ద కుమార్తెలిద్దరు మరణించిరి. 1848 సెప్టెంబరు మొదలు 1849 మే లోపల కుమారుడు బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్ పోయిరి. ఈ మువ్వురిని కొనిపోయినది క్షయ. అయినను ఆయన అదే 1849లో ఊరి మంచినీటికై లండను ఆరోగ్యమండలికి అర్జీ పెట్టించెను. ఈ ఒక్క పనికే ఆయన స్మరణీయుడని మా అభిప్రాయము.

1850లో విచారణకు వచ్చిన బాబేజ్ (గణనయంత్రమును రూపొందించిన బాబేజ్ కుమారుడే) తేల్చిన లెక్క భయంకరము: నూటికి నలుబదిమందికి పైగా ఆరేండ్లు నిండకుండనే మరణించుచుండిరి, మరణించువారి సగటు వయస్సు ఇరువదియారేండ్లకు లోపే. పన్ను పెరుగునని ఆస్తిపరులు అడ్డుపడిరి. పాదిరి ఉత్తరములు మానలేదు.

1858లో గాని జలాశయము పూర్తికాలేదు. షార్లట్ 1855లోనే కన్నుమూసెను. ఆరుగురు బిడ్డలను పోగొట్టుకొన్న ఆ వృద్ధుడు 1861లో, ఎనుబదినాలుగవ యేట, ఆ ఇంటనే మరణించెను.