గాంధీగారు పంపిన అల్లిక గుడ్డ

ముందు మా ఊరి సంగతి ఒకటి చెప్పి, తర్వాత గాంధీగారి దగ్గరికి వస్తాను.

మాది వల్లూరు, తుమకూరు జిల్లా పావగడ తాలూకా. కర్ణాటకలో ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నా చిన్నప్పుడు ఊరు దాటితే శెనక్కాయ చేలే. ఇప్పుడు అక్కడ సోలార్ పలకలు. మా ఊరితో కలిపి ఐదు ఊళ్ళ భూమి, సుమారు 13,000 ఎకరాలు, సోలార్ పార్కుకు కౌలుకు పోయింది. భూమి ఉన్నోళ్ళకు ఏటా కౌలు డబ్బు వస్తుంది. కూలికి పొయ్యేవాళ్ళకు మాత్రం కలుపు తీసే పని, కాయలు వలిచే పని పోయినాయి. మా జేజి కూడా ఆ కూలీల్లో ఒకామె. కొన్నాళ్ళు అరుగు మీద ఊరికే కూర్చుంది. ఒకరోజు ట్రంకుపెట్టె అడుగునుంచి పాత క్రోషియా సూది తీసింది. పెళ్ళికి ముందెప్పుడో నేర్చుకుందట. నెల తిరిగేసరికి నాకొక టేబుల్ గుడ్డ అల్లి పంపింది. నేను దాన్ని హాస్టల్లో పెట్టె అడుగున దాచేశాను. బయట పెడితే అందరూ నవ్వుతారేమో అని.

గోడపత్రికకు ఎవరైనా గొప్పవాళ్ళ జీవితం రాయమని మేడమ్ చెప్పినప్పుడు గాంధీగారిని ఎంచుకున్నాను, సులువు కదా అని. చదువుతూ పోతే చివర్లో ఒక అల్లిక గుడ్డ కనిపించింది. ఇక ఆయన జీవితమంతా చేతిపనుల వైపునుంచే చదవాలనిపించింది. ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా పరీక్షల్లో ఎట్లాగూ రాస్తాం. ఇక్కడ వాటిని వదిలేస్తున్నాను.

మోహన్‌దాస్ గాంధీ 1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో పుట్టారు. తండ్రి దివాను. చేత్తో పని చేసుకోవాల్సిన అవసరం లేని ఇల్లు. లండన్‌లో బారిస్టరు చదివి, 1893లో దక్షిణాఫ్రికా వెళ్ళారు. చేతిపని మొదలైంది అక్కడే, అదీ నవ్వులతోనే. చాకలి ఖర్చు తగ్గించుకుందామని తన కాలర్ తానే ఉతికి గంజి పెట్టుకున్నారు. గంజి ఎక్కువై, కోర్టులో నిలబడితే కాలర్ నుంచి రాలుతూ ఉందట. తోటి ప్లీడర్లు నవ్వారు. ప్రిటోరియాలో తెల్ల మంగలి ఆయనకు క్షవరం చెయ్యనన్నాడు. అద్దం ముందు నిలబడి తానే కత్తిరించుకున్నారు. ముందు వైపు ఫర్వాలేదు గాని, వెనక వైపు పాడైపోయింది. ఎలుకలు కొరికాయా అని కోర్టులో అడిగారట. ఇవన్నీ ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. చేత్తో మొదటిసారి ఏం చేసినా వంకరగానే వస్తుంది, అది ఆయనకైనా అంతే అని చదువుతుంటే నాకు ధైర్యం వచ్చింది.

1910లో టాల్‌స్టాయ్ ఫారం మొదలుపెట్టాక చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు. కాలెన్‌బాక్ అనే జర్మన్ ఆర్కిటెక్టు స్నేహితుడు ఒక క్రైస్తవ మఠంలో ఆ పని నేర్చుకుని వచ్చి గాంధీకి నేర్పాడు. ఒక వైశ్య కుటుంబంలోని బారిస్టరు తోలు పని చెయ్యడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. తనను జైల్లో పెట్టించిన జనరల్ స్మట్స్ కోసం జైల్లోనే ఒక జత చెప్పులు కుట్టారు. 1914లో ఆ దేశం వదిలి వస్తూ వాటిని కానుకగా ఇచ్చారు. స్మట్స్ వాటిని ఎన్నో వేసవికాలాలు తొడుక్కున్నాడు. అంత గొప్ప మనిషి చెప్పుల్లో నిలబడే అర్హత తనకు లేదనిపించిందని 1939లో, గాంధీ డెబ్బయ్యో పుట్టినరోజు సంచికకు రాశాడు. శత్రువుకు చెప్పులు కుట్టాలంటే ముందు అతని పాదం కొలత గురించి ఆలోచించాలి కదా. నాకు ఆ చిన్న విషయమే పదే పదే గుర్తొస్తుంది.

అదే 1914లో లండన్ చేరేసరికి మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. అక్కడి ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా సైనికులకు మేజోళ్ళు అల్లుతున్న కాలం అది. మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు లండన్‌లో ఒక మహిళా క్లబ్బు తరఫున సైనికులకు బట్టలు కుట్టించే పనిలో ఉన్నారు. ఇద్దరికీ పరిచయం అప్పుడే. కత్తిరించి పెట్టిన గుడ్డల కుప్పను గాంధీ ముందు పెట్టి, కుట్టించి తెచ్చివ్వమన్నారామె. ఆయన స్నేహితులను కూడగట్టి వీలైనన్ని కుట్టించి ఇచ్చారు. కవయిత్రి, మహాత్ముడు మొదటిసారి కలిసినప్పుడు మధ్యలో ఉన్నది కవిత్వం కాదు, కుట్టుపని.

ఇక రాట్నం. గాంధీ అంటే రాట్నం అనుకుంటాం గాని, 1909లో హింద్ స్వరాజ్ రాసేనాటికి ఆయన రాట్నాన్ని చూసి ఎరగరు. 1915లో ఇండియాకు వచ్చాక కూడా చూడలేదు. ఆశ్రమంలో మగ్గాలు పెట్టారు గాని నూలు మిల్లుదే. చేత్తో వడికేవాళ్ళు ఎక్కడున్నారో చెప్పేవాళ్ళే లేరు. 1917లో భరూచ్‌లో జరిగిన ఒక విద్యా సభలో గంగాబెన్ మజుందార్ కలిశారు. ఆమె వితంతువు. అంటరానితనాన్ని మనసులోంచి తీసేసిన మనిషి, ఒంటరిగా గుర్రం మీద తిరిగే ధైర్యస్తురాలు. రాట్నం వెతికే పని ఆమె తలకెత్తుకుంది. గుజరాత్ అంతా గాలించి, బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో కనిపెట్టింది. అక్కడ చాలా ఇళ్ళల్లో రాట్నాలు అటక మీద పనికిరాని సామానులో పడి ఉన్నాయి. ఏకులు ఇచ్చి, వడికిన నూలు కొనేవాళ్ళుంటే మళ్ళీ వడుకుతామని ఆ ఇళ్ళ ఆడవాళ్ళు చెప్పారు.

ఈ భాగం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా జేజి ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. ఆ ఆడవాళ్ళు పని మరిచిపోలేదు. పని ఇచ్చేవాళ్ళు, కొనేవాళ్ళు లేక సామాను అటకెక్కింది, అంతే.

గంగాబెన్ ఏకులు చేసేవాళ్ళను కుదిర్చి, నూలు పోగుచేసి, బట్ట నేయించింది. మొదట్లో ఖాదీ వెడల్పు 30 అంగుళాలే వచ్చేది. నెలలోపు 45 అంగుళాల ధోవతి రాకపోతే ఆ పొట్టి ముతక గుడ్డే కట్టుకుంటానని గాంధీ ఆమెకు గడువు పెట్టారు. ఆమె కంగారుపడింది, కానీ గడువులోపే జత ధోవతులు పంపింది. నిజం చెప్పాలంటే గడువు పెట్టడం తేలిక, నేయించడం కష్టం. ఆ పేరు మన పాఠాల్లో ఎందుకు లేదో!

గాంధీ స్వయంగా వడకడం నేర్చుకునేసరికి యాభై దగ్గరపడ్డాయి. బొంబాయి మణిభవన్‌లో జబ్బుపడి కోలుకుంటున్న రోజుల్లో గదిలో రాట్నం తిరగడం మొదలైంది. దాని చప్పుడు తన ఆరోగ్యం బాగుపడడానికి సాయపడిందని, అది ఒంటికన్నా మనసుకు చేసిన మేలని రాసుకున్నారు. దేశం, స్వరాజ్యం అన్నీ సరే, ఆ పని ఆయనకు హాయిగా కూడా ఉండేదన్నమాట. మనకు చెప్పేటప్పుడు ఈ మాట వదిలేస్తారు.

తర్వాతి కథ తెలిసిందే. 1921 మార్చి, ఏప్రిల్ నెలల్లో బెజవాడ కాంగ్రెస్ సమావేశం 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. పింగళి వెంకయ్యగారి జెండా మీద రాట్నం బొమ్మ ఎక్కింది. మన పొందూరు ఆడవాళ్ళు వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్న నూలు వడికి పేరు తెచ్చుకున్నారు. ఆ సెప్టెంబరులోనే మదురైలో గాంధీ కొల్లాయి గుడ్డకు మారారు. యంత్రాలంటే గిట్టదని పేరుపడ్డా కుట్టుమిషనును మాత్రం మినహాయించారు. భార్య కుట్లతో అవస్థ పడుతుంటే చూడలేక సింగర్ ప్రేమతో దాన్ని చేశాడని ఆయన నమ్మకం. అసలు సింగర్ అంత మంచి భర్తేం కాదులెండి, ఒకటికి మించిన సంసారాలు నడిపాడు. గాంధీగారికి కథ నచ్చినట్టుంది.

1944 ఫిబ్రవరి 22న ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో కస్తూర్బా చనిపోయారు. గాంధీ తన చేత్తో వడికిన నూలుతో నేసిన చీర కట్టి ఆమెను సాగనంపారు. అరవయ్యేళ్ళకు పైబడిన కాపురం వాళ్ళది. ఆమెను ఆయన పెట్టిన కష్టాలు కూడా తక్కువేం కాదు, వాటినీ ఆత్మకథలో దాచుకోలేదు. ఆ చీర గురించి నేనింతకన్నా రాయలేను.

ఇప్పుడు ఆ అల్లిక గుడ్డ. 1947 నవంబరు. దేశం రెండు ముక్కలైంది, పంజాబ్ నెత్తురు కక్కుతోంది. అదే నెల 20న లండన్‌లో ఎలిజబెత్ రాకుమారి పెళ్ళి. బ్రిటిష్ వాళ్ళతో జీవితమంతా పోరాడిన మనిషి వాళ్ళ రాజు కూతురికి కానుక ఇవ్వాలనుకున్నారు. ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదు. ఉన్నవన్నీ ఎప్పుడో ఇచ్చేశారు. నూలు వడికి పంపొచ్చు కదా అని మౌంట్‌బాటెన్ సలహా ఇచ్చారు. గాంధీ నూలు వడికి, రెండు పోగులు కలిపి పురి పెట్టారు. దానితో అంచు కుచ్చులున్న లేసు గుడ్డ తయారైంది. నడుమ జై హింద్ అనే మాట అల్లి ఉంది.

లండన్‌లో పెళ్ళి కానుకల ప్రదర్శనలో దాన్ని చూసి వధువు నాయనమ్మ మేరీ రాణి, గాంధీ తన గోచీ గుడ్డ పంపాడనుకుని మొహం చిట్లించిందట. పెళ్ళికూతురు మాత్రం దాచుకుంది. డెబ్బయ్యేళ్ళ తర్వాత కూడా అది ఆమె దగ్గర ఉంది, మన ప్రధానమంత్రికి తీసి చూపించింది. ఆయనకది చేతిరుమాలులా కనిపించింది. గోచీ అన్నా, రుమాలన్నా, అది అల్లిక గుడ్డ.

అల్లింది గాంధీ కాదు. ఒక పంజాబీ అమ్మాయి. ఆమెకు ఆ పని నేర్పింది గాంధీ మనవడి వరస కనూ గాంధీ. కానుకతో పంపిన ఉత్తరంలో గాంధీ ఈ సంగతి దాచకుండా రాశారు. కనూ భార్య ఆభా పేరు అందులో ఉంది. అల్లిన అమ్మాయిని మాత్రం పంజాబీ అమ్మాయి అనే అన్నారు. ఆ నవంబరులో, సొంత నేల అట్లా ఉండగా, ఒక్కో కుట్టు లెక్కపెట్టుకుంటూ ఎవరి పెళ్ళికో జై హింద్ అల్లిన పిల్ల పేరు ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. గంగాబెన్ పేరు రాసిన మనిషే కదా. ఆయన మీద నాకు ఈ ఒక్క ఫిర్యాదు ఉంది.

ఆ తర్వాత మూడు నెలలు కూడా ఆయన బతకలేదు. 1948 జనవరి 30 సాయంత్రం, ఢిల్లీలో ప్రార్థనకు నడిచి పోతుంటే కాల్చేశారు. అటూ ఇటూ చెయ్యి పట్టుకుని నడుస్తున్నది మనూ, ఆభా. ఆభా అంటే ఆ ఉత్తరంలోని ఆభాయే.

జేజి పంపిన గుడ్డను నిన్న పెట్టెలోంచి తీసి గదిలో టేబుల్ మీద పరిచాను. ఎవరూ నవ్వలేదు. పక్క గది అమ్మాయి అంచు తిప్పి చూసి, ఎన్ని రోజులు పట్టిందని అడిగింది. జేజికి చదువు రాదు. పేరు గళ్ళ కాగితం మీద రాసిస్తే గళ్ళు లెక్కపెట్టి దారంతో అల్లేస్తానని పోయినసారి చెప్పింది, నా పేరు కోసం. శనివారం ఊరికి పోతున్నా. గళ్ళ కాగితం మీద ఆమె పేరు రాసుకుని పోతున్నా.