కొండపై విడిచిన కోరిక

చదువుము: కీర్తనలు 37:1-7

అమెరికాలో 1813లో జన్మించిన లైమన్ జ్యూయెట్ దొరగారు 1849లో నెల్లూరు చేరి సువార్త సేవ నారంభించిరి. ఏండ్లు గడచినను ఫలము స్వల్పము. 1853లో ఆల్బనీ పట్టణమున సమావేశమైన అమెరికా బాప్టిస్టులు నెల్లూరు మిషనును మూసివేయుదుమా యని చర్చించిరి. తెలుగు దేశమంతటిలో వారికున్న కేంద్రము అదొక్కటే గనుక దానికి ఒంటరి నక్షత్రమను పేరు వచ్చెను.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆయనయు, సతీమణియు, జూలియ మొదలైన ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు ప్రక్కనున్న కొండ నెక్కిరి. ఒక్కొక్కరుగా మోకరించి, ఈ పట్టణమునకు ఒక సేవకుని పంపుమని ప్రభువును వేడుకొనిరి. దిగువనున్న ఒక స్థలమును చూపి, సేవకుని నివాసము అచ్చట ఉండిన బాగుండునని ఆయన జూలియతో చెప్పినట్లు పెద్దలు చెప్పుదురు.

పండ్రెండు సంవత్సరములు ఎవరును రాలేదు. ఇంతలో ఆయన ఆరోగ్యము చెడి స్వదేశమునకు వెళ్లవలసి వచ్చెను. 1862లో మిషనును మూయుమాట మరల లేచెను. మీరు పంపకున్నను నేను వెళ్లి తెలుగువారి మధ్యనే బ్రదికి చనిపోవుదునని ఆయన తెగించి చెప్పిరి. అడిగిన దానికొరకు తన్నుతానే అప్పగించుకొనిన ప్రార్థన యది.

1864లో ఆయన తిరిగి బయలుదేరినప్పుడు జాన్ క్లౌ దొరగారు వెంట వచ్చిరి. క్లౌగారు 1866లో ఒంగోలు చేరిరి; 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘము ఏర్పడెను. గొప్ప కరవు పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. జ్యూయెట్‌గారు కోరిన కోతయే అది. కాని కోసినది వేరొకరి చేతులు. ఆయన తెలుగు బైబిలు సవరణలో పాటుపడి, 1897లో ప్రభువునందు నిద్రించిరి.

ప్రియ చదువరీ, కోరిక కలిగియుండుట పాపము కాదు. ఢిల్లీ ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో కాపురముండు తెలుగు ఉద్యోగి స్వస్థలమునకు బదిలీ కావలెనని ప్రార్థించిన తప్పేమి? అయితే ఎప్పుడు, ఎవరి ద్వారా, ఏ రీతిగా అను మూటిని కూడ మనమే నిర్ణయించి ప్రభువు చేవ్రాలు మాత్రము కోరుచున్నామా? జ్యూయెట్‌గారు తన కోరికను దాచుకొనలేదు. దాని ఫలము తనకే దక్కవలెనని పట్టుబట్టనులేదు.

ప్రార్థన: ప్రభువా, నా కోరికను ఉన్నదున్నట్లు నీయెదుట పెట్టుచున్నాను. దానిని శుద్ధిచేసి, నీ కాలమందు, నీకు ఇష్టమైనవారి చేత నెరవేర్చుము. ఆమేన్.